చూపు పడని చోటు

మాణిక్యం సినిమా చూసే తీరు కొత్తవాళ్ళకు వింతగా ఉండేది. హీరో డైలాగు చెబుతుంటే ఆమె హీరోను చూసేది కాదు. హీరోయిన్ ఏడుస్తుంటే ఆమె కళ్ళు హీరోయిన్ వెనకున్న గోడ దగ్గర తచ్చాడేవి. పెళ్ళి సీనొస్తే భోజనాల బంతి వైపు, కోర్టు సీనొస్తే వెనక బెంచీల వైపు, శవయాత్ర వస్తే పాడె మోసేవాళ్ళ వైపు చూసేది. కావలసింది కనబడగానే మొహం విప్పారేది. ఆ పైన టీవీ ఆపేసి వంటింట్లోకి వెళ్ళిపోయేది. తక్కిన కథ ఏ గంగలో కలిసినా ఆమెకు పట్టేది కాదు.

ఆమె వెతుక్కునేది భర్త కొండలరావును. తెనాలి పక్క పల్లెటూరి నుంచి హీరో అవుదామని హైదరాబాదు వచ్చి, కృష్ణానగర్‌లో జూనియర్ ఆర్టిస్టుగా మిగిలిపోయిన మనిషి ఆయన. కానిస్టేబులుగా, పెళ్ళికొచ్చిన చుట్టంగా, రైలు కోసం నిలబడ్డ ప్రయాణికుడిగా, హీరో తన్నితే పడిపోయేవాళ్ళలో నాలుగోవాడిగా జీవితం గడిపాడు. ఒక్క సినిమాలోనూ పేరు పడలేదు. కూతురు ప్రసూన ఇంజనీరింగ్ చదువుతుండగా గుండెపోటుతో పోయాడు. పెళ్ళి ఫొటో ఒకటి, రేషన్ కార్డు మీది ఫొటో ఒకటి తప్ప ఇంట్లో ఆయన బొమ్మ లేదు. నడిచే కొండలరావు, తల తిప్పే కొండలరావు, తువ్వాలు భుజాన వేసుకునే కొండలరావు సినిమాల్లోనే ఉన్నాడు. అందుకే మాణిక్యం కోఠీ ఫుట్‌పాత్‌లన్నీ గాలించి ఆ సినిమాల డిస్కులు ఏరి తెచ్చుకుని ట్రంకుపెట్టె నింపుకుంది.

వాటిలో ఆమెకు ప్రాణమైనది 'ఏడో నంబరు లాంచీ'. గోదావరి రేవులో హీరో కదులుతున్న లాంచీలోకి దూకుతాడు. గట్టు మీద గుంపులో గళ్ళచొక్కా మనిషి ఒకడు బుట్ట నెత్తికెత్తుకుంటూ, ఎత్తుకుంటూనే తల తిప్పి నేరుగా మన వైపు చూస్తాడు. కెమెరా వైపు చూడొద్దని డైరెక్టరు ముందే నెత్తీనోరూ కొట్టుకుని చెప్పాడట. కొండలరావు చూసింది కెమెరాను కాదు. పురిటికి ఆ దగ్గర్లోని పుట్టింటికి వచ్చిన మాణిక్యం నిండు కడుపుతో టిఫిన్ క్యారియర్ పట్టుకుని కెమెరా పక్కన నిలబడి ఉంది. ఎండలో ఎందుకొచ్చావన్నట్టు చూశాడు.

"నువ్వు అప్పుడు కడుపులో ఉన్నావు. ఆ చూపులో నీకూ వాటా ఉంది" అనేది మాణిక్యం కూతురితో.

ప్రసూన చదువు పూర్తిచేసి, చాలా ఏళ్ళు అక్కడా ఇక్కడా చేసి, చివరకు చిత్రనిధి అనే కంపెనీ ప్రయోగశాలలో పెద్ద ఉద్యోగంలో కుదురుకుంది. జనం సినిమాలను చందా కట్టి చూడటానికీ, లేదంటే డబ్బిచ్చి శాశ్వతంగా కొనుక్కోవడానికీ ఉన్న కంపెనీ అది. పాత సినిమాల హక్కులు దాదాపు అన్నీ వాళ్ళే కొనేశారు. అయితే సినిమాలు దాచడానికి సర్వర్లు కావాలి, సర్వర్లను చల్లార్చడానికి కరెంటూ నీళ్ళూ కావాలి. ఒక ఎండాకాలం బస్తీల్లో బిందెలు బారులు తీరి ఉంటే ట్యాంకర్లు చిత్రనిధి గోదాముల్లోకి వెళ్ళడం చూసింది ప్రసూన. ఆ దృశ్యం ఆమె మనసులో ముల్లులా దిగింది. 'బీజం' పుట్టింది అందులోంచే.

మనిషి సినిమా మొత్తాన్నీ చూడడన్నది ఆమె పట్టుకున్న సంగతి. తెర ఎంత పెద్దదైనా కళ్ళు ఏ క్షణానికాక్షణం ఒక చోటే ఉంటాయి. వేలమందిని తెర ముందు కూర్చోబెట్టి, వాళ్ళ కనుపాపలు ఎటు తిరుగుతున్నాయో కెమెరాలతో పట్టి, ప్రతి సినిమాకూ చూపుల పటం గీయించింది. చూపు పడిన చోటును ఉన్నదున్నట్టు దాచేవారు. పడని చోటును ఒక్క వాక్యంగా రాసి పెట్టేవారు. 'రేవు, మబ్బు పట్టిన ఆకాశం, గుంపు, ఎక్కువమంది మగవాళ్ళు.' సినిమా ఆడించినప్పుడు యంత్రం ఆ వాక్యం చదువుకుని ఆకాశాన్నీ గుంపునూ అప్పటికప్పుడు కొత్తగా గీసిపెట్టేది. గోదాము నిండా పట్టే సినిమాలు ఒక బీరువాలో పట్టాయి.

పరీక్ష రోజున రెండు తెరల మీద ఒకే సినిమా వేశారు. ఒకటి అసలుది, ఒకటి బీజంలోంచి మొలిచినది. ఏది ఏదో చెప్పమంటే పిలిచిన ప్రేక్షకుల్లో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఒక పెద్దాయన రెండోదే బాగుంది, వెనక జనం కాస్త శుభ్రంగా ఉన్నారన్నాడు. గదంతా నవ్వింది. ప్రసూన కూడా నవ్వింది.

నవ్వినా, ఆమె ఒక షరతు మాత్రం పట్టుబట్టి పెట్టించింది. చందాదారులు చూసే సినిమాలకే బీజం వాడాలి. డబ్బు పోసి కొనుక్కున్నవాళ్ళ సినిమాల జోలికి పోకూడదు. అవి వాళ్ళ సొత్తు. ప్రయోగశాల పెద్ద భార్గవ్ అందరి ముందూ ఒప్పుకున్నాడు.

"కొన్నది కొన్నట్టే ఉంటుంది ప్రసూన గారూ. అందులో అనుమానమేముంది?" అన్నాడు.

ఆ ధైర్యంతోనే ప్రసూన ఇంట్లో తల్లి దగ్గర డిస్కుల సంగతి ఎత్తింది. అప్పటికి డిస్కులు ఆడించే పెట్టెలు బజారులో దొరకడం మానేశాయి. ఇంట్లో ఉన్నది చీటికీమాటికీ మొరాయిస్తోంది. కొన్ని డిస్కుల మీద బూజులాంటి మచ్చలు వచ్చాయి. ఆ రోజుల్లోనే చిత్రనిధి బళ్ళు వీధి వీధికీ వచ్చేవి. పాత డిస్కు ఇస్తే అదే సినిమా మీ పేరున శాశ్వతంగా రాసిస్తాం, డబ్బిచ్చి కొన్నట్టే లెక్క అని మైకులో చెప్పేవారు. తీసుకున్న డిస్కులను అక్కడికక్కడే బండి వెనకున్న యంత్రంలో వేసి తునకలు చేసేవారు.

"ఎందుకే పగలగొట్టడం? వాళ్ళకు అక్కర్లేకపోతే నన్నే ఉంచుకోనివ్వచ్చుగా" అంది మాణిక్యం.

"ఒక సినిమా రెండు చోట్ల ఉండకూడదట అమ్మా. అయినా ఆ మచ్చలు చూశావా? ఇంకొన్నాళ్ళుంటే నాన్న నీ పెట్టెలోనే పోతాడు. అక్కడైతే చెక్కుచెదరడు. నేనుండేది అక్కడే కదా."

చివరి మాటకే మాణిక్యం లొంగింది. పెట్టె తెరిచి ఒక్కొక్క డిస్కునూ పైట చెంగుతో తుడిచి ఇచ్చింది. యంత్రం కరకరమంటుంటే చూడలేక లోపలికి వెళ్ళిపోయింది.

కొన్నాళ్ళు అంతా బాగానే జరిగింది. టీవీ ముందు కూర్చుని 'లాంచీ పెట్టు' అంటే చాలు, గోదావరి వచ్చేది, గట్టు వచ్చేది, గళ్ళచొక్కా వచ్చేది. డిస్కులో మసకగా ఉన్న మొహం ఇక్కడ తేటగా ఉందని మాణిక్యం మురిసిపోయింది. ప్రసూనకు పెద్ద బరువు దిగినట్టయింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ప్రసూన బట్టలు ఆరేస్తుంటే లోపల్నుంచి తల్లి పిలిచింది. కేక కాదు, మామూలు గొంతే. అందుకే ప్రసూన ఒక చీర అంచు పిండి మరీ వెళ్ళింది.

"మీ నాన్న లేడే" అంది మాణిక్యం.

తెర మీద లాంచీ కదులుతోంది. హీరో దూకాడు. గట్టు మీద గుంపు ఉంది. గళ్ళచొక్కా కూడా ఉంది. అది వేసుకున్నవాడు ఎవడో కుర్రాడు. బుట్ట ఎత్తుకుని, చెప్పినట్టు విని, రేవు వైపే చూస్తూ నడిచి వెళ్ళిపోయాడు. ప్రసూన మళ్ళీ పెట్టింది. ఈసారి గళ్ళచొక్కా కూడా లేదు. తెల్లచొక్కా ముసలాయన ఎవరో ఉన్నాడు. మళ్ళీ పెట్టింది. ఇంకెవరో.

పెట్టిన ప్రతిసారీ గుంపు మారడం చూసేవాళ్ళెవరికీ అర్థం కాని వింత. ప్రసూనకు మాత్రం అది తను చేసిన పనేనని తెలుసు.

"పెళ్ళి సినిమా పెట్టు" అంది మాణిక్యం. అందులోనూ లేడు. కోర్టు సినిమాలో వెనక బెంచీలో లేడు. పాడె మోసేవాళ్ళలో లేడు. సాయంత్రందాకా అన్నీ పెట్టించింది. కొండలరావు తన జీవితంలో నిలబడ్డ చోటల్లా ఎవరో ఊరూపేరూ లేనివాళ్ళు, అసలు పుట్టనే పుట్టనివాళ్ళు నిలబడి ఉన్నారు.

మర్నాడు ప్రసూన బస్సు దిగి నేరుగా భార్గవ్ గదిలోకి వెళ్ళింది.

"కొన్న సినిమాలకు బీజం ఎప్పుడు పెట్టారు?"

భార్గవ్ తడబడలేదు. "పోయిన నెల. బోర్డు నిర్ణయం. రెండు రకాలు నడపడం దండగన్నారు. మీకు చెబుదామనే అనుకున్నాను."

"షరతు పెట్టాం కదా. మీరే ఒప్పుకున్నారు."

"ఒప్పుకున్న మాట నిజమే. కానీ కొన్నవాళ్ళు సంతకం పెట్టిన ఒప్పందం ఒకసారి చదవండి. వాళ్ళు కొన్నది సినిమా చూసే అనుమతి మాత్రమే. ఏ రూపంలో చూపించాలన్నది మన ఇష్టం. ఇప్పటిదాకా ఒక్క ఫిర్యాదు రాలేదు."

"మా అమ్మ ఫిర్యాదు చేస్తోంది."

అప్పుడు చెప్పిందామె, తండ్రి సంగతంతా. ఇన్నేళ్ళుగా ఆఫీసులో ఎవరికీ చెప్పుకోని సంగతి. భార్గవ్ నిజంగానే నొచ్చుకున్నాడు. మనిషి చెడ్డవాడు కాదు. మంచినీళ్ళు తెప్పించాడు.

"అయ్యో, ముందే చెప్పి ఉంటే ఆ సినిమాలను పక్కన పెట్టించేవాణ్ణి."

"మా ఒక్క ఇంటి కోసమా? పోనీ, అసలు ప్రతులు ఎక్కడున్నాయి? అవి తెరవండి."

భార్గవ్ బల్ల మీద కాగితాలు సర్దాడు. "బీజం అయినవాటి అసలు ప్రతులు చెరిపేశాం. అందుకేగా ఇదంతా మొదలుపెట్టింది, చోటు కోసం. రీళ్ళు ఎప్పుడో పాడైపోయాయి. నిర్మాతల దగ్గర కూడా ఏమీ లేవు. మన దగ్గరున్నవే ఆఖరివి."

ప్రసూనకు అక్కడ కోపం రాలేదు. మెట్లు దిగుతుంటే వచ్చింది. తలుపు దగ్గర గోడ నిండా కంపెనీ ప్రకటన మెరుస్తోంది. 'ఒక్కసారి కొనండి. ఎప్పటికీ మీదే.' రోజూ దాని ముందునుంచే లోపలికి వెళుతోంది తను. డిస్కు అరిగినా, గీతలు పడినా, ఉన్నంతలో ఉన్నదే చూపించేది. ఇంట్లో మనం నిద్రపోతుంటే కొట్టువాడు వచ్చి, అమ్మిన సరుకు మార్చేసి పోతాడని ఎవరైనా అనుకుంటారా? మార్చినవాడు తలుపు తట్టను కూడా తట్టలేదు. పైగా నీకు అమ్మింది సరుకు కాదు, సరుకును చూసే భాగ్యం అంటాడా?

వారం తిరక్కముందే భార్గవ్ ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం ఉంది. కొండలరావు పెళ్ళి ఫొటో పంపిస్తే చాలునన్నాడు. యంత్రం ఆయన్ను పట్టేసుకుంటుందనీ, ఏ సినిమాలో ఎక్కడ కావాలంటే అక్కడ నిలబెడుతుందనీ, ఖర్చంతా కంపెనీదేననీ చెప్పాడు. ప్రసూన వద్దనే అనబోయింది. కానీ తల్లి నాలుగు రోజులుగా టీవీ ముందు కూడా కూర్చోవడం లేదు. ఫొటో పంపించింది.

కొత్త 'లాంచీ' వచ్చింది. హీరో దూకాడు. గట్టు మీద గళ్ళచొక్కాలో కొండలరావు ఉన్నాడు. అదే ముక్కు, అదే నుదురు, పెళ్ళి ఫొటోలోని చిరునవ్వు. బుట్ట అందంగా ఎత్తుకున్నాడు. చిరునవ్వుతోనే నదిని చూస్తూ నడిచి వెళ్ళాడు. మునుపటికన్నా ఎక్కువసేపే కనిపించాడు.

మాణిక్యం కదలకుండా చూసింది. ప్రసూన తల్లి మొహాన్నే చూస్తోంది.

"ఎవడే వీడు?" అంది మాణిక్యం.

"నాన్నే కదమ్మా."

"మీ నాన్న బుట్ట ఎత్తితే ఎడమ భుజం పడిపోయేది. చిన్నప్పుడు చెట్టు మీంచి పడ్డాడు. ఆ ఎండలో, ఆ ఆకలిలో నవ్వడానికి ఆయనకేం పట్టింది? మొగుడి మొహం వేసుకుని ఎవడో ఒకణ్ణి నా ఇంట్లోకి పంపుతారా వాళ్ళు?" ఆమె తెర మీదికి వేలు చూపించింది. "ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు ఏదీ? అది తెచ్చివ్వమను. తేలేకపోతే నోరు మూసుకోమను. ఈ వేషాలు నా దగ్గర వద్దని చెప్పు."

రిమోట్ కూతురి చేతిలో పెట్టి, "ముందు ఆ మనిషిని తీసెయ్. నాకు ఒళ్ళు కంపరంగా ఉంది" అంది.

ఆ సాయంత్రమే తల్లీకూతుళ్ళు వసుంధర అనే వకీలు దగ్గరికి వెళ్ళారు. ఆమె వినియోగదారుల కేసులు చూస్తుంది. అంతా విని రాసుకుంది.

"మీరు వాళ్ళ ఉద్యోగి. సాక్ష్యం చెబితే ఉద్యోగం పోతుంది" అంది ప్రసూనతో.

"చెప్పకపోతే ఇంటికెళ్ళి అమ్మ మొహం ఎలా చూడను?" అంది ప్రసూన.

ఉద్యోగం పోయింది. కంపెనీ రహస్యాలు బయట పెట్టిందన్నారు. అయితే కేసు సంగతి టీవీలో రాగానే వసుంధర ఆఫీసుకు మనుషులు రావడం మొదలుపెట్టారు. డ్యాము కింద మునిగిపోయిన ఊరివాళ్ళు వచ్చారు. ఒక పాటలో హీరోహీరోయిన్ల వెనక వాళ్ళ వీధి ఉండేదట. ఇప్పుడక్కడ ఏదో బొమ్మలాంటి ఊరు కనిపిస్తోందట. ఒకామె తప్పిపోయిన తమ్ముడి కోసం వచ్చింది. బడి సీనులో మూడో వరసలో కూర్చుని పెన్సిలు కొరుకుతుండేవాడట. వీళ్ళంతా డిస్కులిచ్చి సినిమాలు కొనుక్కున్నవాళ్ళే. అందరూ చూపు పడని చోటునే చూసుకుంటూ బతికినవాళ్ళే. ఇంతమంది ఉన్నారని ప్రసూన చూపుల పటాల్లో ఎక్కడా కనబడలేదు. వేలల్లో ఒకడు ఎటో చూస్తే లెక్కల్లో దాన్ని పొరపాటు కింద కొట్టేశారు.

వినియోగదారుల కమిషన్ ముందు కంపెనీ వకీలు చాలా మర్యాదగా మాట్లాడాడు.

"ఫిర్యాదుదారుల బాధను మేం కాదనడం లేదు. కానీ వాళ్ళు చెబుతున్న మనుషులు తెర మీద రెప్పపాటు కనిపించేవాళ్ళు. కథకు లోటు రాలేదు. పాటలకు రాలేదు. నటీనటులకు రాలేదు. సినిమా సినిమాగానే ఉంది. తేడా ఉందని మామూలు ప్రేక్షకులెవరూ గుర్తుపట్టలేరని పరీక్షల్లో రుజువైంది. ఆ పరీక్షలు చేసింది ఈ సాక్షే."

ప్రసూన లేచి నిలబడింది. "నేనే చేశాను. గుర్తుపట్టలేరని రుజువు చేశాను. గుర్తుపట్టకపోతే మార్చేయవచ్చని రుజువు చేయలేదు. కొన్నవాళ్ళవి ముట్టుకోవద్దని షరతు పెట్టాను. కల్తీ పాలు తాగినవాడికి తేడా తెలియకపోతే అవి మంచి పాలు అయిపోవు."

కమిషన్ అధ్యక్షురాలు మాణిక్యాన్ని ఏమైనా చెబుతావా అని అడిగింది. మాణిక్యం మైకు వద్దంది. కంపెనీ వకీలు వైపు తిరిగింది.

"బాబూ, నువ్వు చూసే సినిమా వేరు, నేను చూసే సినిమా వేరు. నువ్వు చూసేది బాగానే ఉందంటున్నావు. ఉండనీ, సంతోషం. నేను నా డిస్కులిచ్చి కొనుక్కున్నది నేను చూసే సినిమా. అది తీసుకుపోయి, నీది నాకు చూపించి, లోటేముంది అంటున్నావు. నా పెట్టెలో ఉంటే మచ్చలు పడేవేమో. పడితే పడేవి, అవి కూడా ఆయన మీదే పడేవి. నా చేత తుడిపించుకుని మరీ తీసుకెళ్ళి నలగ్గొట్టారు. అప్పుడు శాశ్వతం అన్నారు. ఇప్పుడు అనుమతి అంటున్నారు. అప్పుడే అనుమతి అని ఉంటే నేను పెట్టె మూత తీసేదాన్నా?"

కంపెనీ వకీలు కాగితాల్లోకి తల దించుకున్నాడు.

వర్షాకాలం వెళ్ళాక తీర్పొచ్చింది. కంపెనీది మోసమేనని రాశారు. అసలు సినిమాలు తిరిగి ఇవ్వాలి, ఇవ్వలేకపోతే సినిమా ధర వాపసు చేయాలి, జనాన్ని తప్పుదారి పట్టించే మాటలు ప్రకటనల్లోంచి తీసేయాలి అన్నారు. కంపెనీ ఆజ్ఞను అక్షరాలా పాటించింది. సినిమాలు లేవు గనుక ధర వాపసు చేసింది. 'కొనండి' అన్న బటన్ మీద మాట తీసేసి 'పొందండి' అని రాసింది. 'ఎప్పటికీ మీదే' అన్న చోట 'ఎప్పటికీ మీతోనే' అని పెట్టింది. ఆ నెల చిత్రనిధి అమ్మకాలు ఏమీ తగ్గలేదు. బీజం కనిపెట్టినందుకు భార్గవ్‌కు ఏదో పురస్కారం కూడా వచ్చింది. వసుంధర తీర్పు కాగితం చదివి వినిపిస్తూ తనే సిగ్గుపడింది.

"గెలిచాం అనాలి మరి" అంది.

"గెలిచిందెవరో మీకే తెలియాలి" అంది ప్రసూన. ఆమెకు ఒళ్ళంతా మండిపోతోంది. ఆ మంటను ఎటు విసరాలో తెలియడం లేదు.

అలాంటి రోజుల్లో జగ్గయ్యపేట దగ్గర్నుంచి శకుంతల అనే ఆమె ఫోన్ చేసింది. మిరప తోట, కాస్త జొన్న చేను ఉన్న రైతు. టీవీలో మాణిక్యం మాట్లాడటం చూసిందట.

"మా ఆయన సీడీల షాపు నడిపి చేతులు కాల్చుకున్నాడమ్మా. మిగిలిన సీడీలు జొన్నచేలో దారాలతో వేలాడదీస్తాను. తళుక్కుమంటే పిట్టలు బెదురుతాయి. ఎండకు చాలా పోయాయి. ఒక పెట్టె మాత్రం అటక మీద అలాగే ఉంది. మీకేమన్నా పనికొస్తాయేమో వచ్చి చూసుకోండి."

తల్లీకూతుళ్ళు బస్సెక్కి వెళ్ళారు. శకుంతల చేలో వరసగా డిస్కులు గాలికి తిరుగుతూ మెరుస్తున్నాయి. ఆ మెరుపుల్లో ఎవరెవరి మొహాలు కరిగిపోయాయోనని మాణిక్యం చేను గట్టున కాసేపు నిలబడిపోయింది. అటక మీద పెట్టెలో 'ఏడో నంబరు లాంచీ' లేదు. ఎన్నిసార్లు వెతికినా లేదు. ఆ సినిమా డిస్కు ఎక్కడన్నా ఉందేమోనని ఆ తర్వాత కూడా చాలా ఊళ్ళలో అడిగించారు. దొరకలేదు. ఆ చూపు ఇక ఈ భూమ్మీద లేదు.

శకుంతల ఇచ్చిన డిస్కులు మాత్రం తెచ్చుకున్నారు. ప్రసూన పాత సామాన్ల బజారులో రెండు ప్లేయర్లు కొని, ఒకదాని భాగాలు ఒకదానికి వేసి బాగుచేసింది. రోజుకొకటి చొప్పున పెట్టుకుని చూశారు. కొన్ని మధ్యలో ఆగిపోయాయి. కొన్ని అసలు తిరగలేదు.

ఒక రోజు పొద్దున 'కంకర మిల్లు' అనే సినిమా పెట్టారు. మాణిక్యం పేరు కూడా విని ఉండలేదు. అందులో కూలీలు సమ్మె చేస్తారు. మిల్లు గేటు ముందు గుంపు కూర్చుని ఉంటుంది. హీరో లారీ మీదికెక్కి ఉపన్యాసం మొదలుపెట్టాడు. మాణిక్యం అలవాటు కొద్దీ గుంపు వైపు చూస్తోంది.

ఉన్నట్టుండి ఆమె చెయ్యి ప్రసూన మోకాలి మీద పడింది.

గేటు పక్కన, రెండో వరసలో, నెత్తికి తువ్వాలు చుట్టుకుని కొండలరావు కూర్చుని ఉన్నాడు. వయసులో ఉన్నాడు. జుట్టుంది. పక్కవాడి చెవిలో ఏదో చెప్పి, వాడు నవ్వాపుకోలేకపోతుంటే తను మాత్రం బుద్ధిమంతుడిలా మొహం పెట్టి, అందరితోపాటు పిడికిలి ఎత్తాడు. ఎడమ భుజం కాస్త కిందికే ఉంది.

"ఈ సినిమా చేసినట్టు నాకు చెప్పనేలేదు. ఎన్ని చేశాడో మహానుభావుడు. ఏ రోజు ఎక్కడికి తీసుకెళ్ళారో ఆయనకే తెలిసేది కాదు" అంది మాణిక్యం. ఆమె ఏడుస్తుందేమోనని ప్రసూన భయపడింది. మాణిక్యం ఏడవలేదు. తెరకు దగ్గరగా జరిగింది. "ఆపు. కొంచెం వెనక్కి తిప్పు. ఆ పక్కవాడు, నవ్వేవాడు, శివయ్య. మన వెనక పోర్షన్లో ఉండేవాడు. కామెర్లొచ్చి పోయాడు. ఆ ఎర్రచీర పైడమ్మ. ముందు కూర్చున్నది వెంకటరత్నం, గొంతు బాగుండేది. వాడి పక్కన చంటిబిడ్డనెత్తుకున్నది సుబ్బులు, ఆ బిడ్డ ఇప్పుడు ఆటో నడుపుతున్నాడు. ప్రసూ, వీళ్ళందరూ ఉన్నారే."

తెర మీద ఎవరి పేరూ పడని ఆ గుంపులో ఒక్కొక్కరినీ ఆమె పేరుపెట్టి పిలుస్తుంటే ప్రసూన తల వంచుకుంది. ఈ సినిమాకు తన పటంలో ఏం రాసి ఉంటుందో ఆమెకు చూడకుండానే తెలుసు. 'గేటు, కూలీలు, గుంపు.'

"వీళ్ళ ఇళ్ళకు కబురు పెట్టు" అంది మాణిక్యం.

కొందరు కృష్ణానగర్‌లోనే ఉన్నారు. కొందరు సొంత ఊళ్ళకు వెళ్ళిపోయారు. ఒకరిని పట్టుకుంటే ఇంకొకరి ఆచూకీ తెలిసింది. అనుకున్న ఆదివారానికి హాలు చాలక మంచాలు బయటవేసి, చాపలు పరిచారు. శివయ్య కొడుకు వచ్చాడు. పైడమ్మ తనే కర్ర పోటేసుకుని వచ్చింది. సుబ్బులు కొడుకు ఆటోలో నలుగురిని ఎక్కించుకొచ్చాడు. శకుంతల జగ్గయ్యపేట నుంచి మిరపకాయ బజ్జీలు వేయడానికని కాయలు మోసుకొచ్చింది.

సినిమా పెట్టారు. హీరో లారీ ఎక్కాడు, చెయ్యి ఊపి ఆవేశంగా మాట్లాడాడు, లారీ మీంచి దూకి రౌడీలను చితకబాదాడు. ఆ గదిలో ఒక్కరు కూడా అతని వైపు చూడలేదు. "అదుగో మా అత్త" అని ఎవరో అన్నారు. "అది నేనే" అంది పైడమ్మ మెల్లగా, తనకే నమ్మకం కుదరనట్టు. సుబ్బులు కొడుకు తల్లి ఒడిలో ఉన్న పసివాణ్ణి, అంటే తననే, నోరు తెరుచుకుని చూస్తున్నాడు. మళ్ళీ పెట్టమన్నారు. మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నారు. పెట్టిన ప్రతిసారీ అదే మనుషులు, అదే చోట కూర్చుని ఉన్నారు.

ఈ కబురు ఎలా తెలిసిందో, తర్వాతి వారం భార్గవ్ ఫోన్ చేశాడు. ప్రసూన స్పీకరులో పెట్టింది. 'కంకర మిల్లు' అసలు ప్రతి దొరికిందని విన్నామన్నాడు. డిస్కు ఒక్క రోజు ఇస్తే చాలట. కంపెనీ మళ్ళీ ఎక్కించుకుని, గుంపులో ఉన్నవాళ్ళ పేర్లన్నీ వేసి, ప్రత్యేక ప్రతిగా విడుదల చేస్తుందట. అలాంటివాటికి ఇప్పుడు మంచి గిరాకీ ఉందట.

"మీ నాన్నగారి పేరు తెర మీద పడుతుంది ప్రసూన గారూ. కాదనకండి."

ప్రసూన తల్లి వైపు చూసింది. మాణిక్యం చేతులు తుడుచుకుని ఫోను తీసుకుంది.

"బాబూ, ఆదివారం మా ఇంటికి రండి. వచ్చినవాళ్ళందరితోపాటు చాప మీద కూర్చుని చూడండి. ఎవరెవరో దగ్గరుండి నేను చెబుతాను. డిస్కు మాత్రం మా గడప దాటదు."

అటువైపు ఇంకేదో చెబుతుండగానే ఫోను కూతురికిచ్చేసి, "వెంకటరత్నం మనవరాలు వస్తానందట. పిల్లలను కూడా తీసుకురమ్మను" అంటూ చాపలు దులపడానికి బయటికి వెళ్ళింది.